పాఠకుల ప్రశ్నలు: కబుకి నటుల చెక్క అచ్చుబొమ్మలు

గత సంచిక చివరి అట్ట మీద జపాన్ చెక్క అచ్చుబొమ్మ ఒకటి వేశాం. ముదురు రంగు వెనుతలం మీద ఒక నటుడు మెడ ముందుకు చాచి, పెదవులు బిగించి, రెండు చేతుల వేళ్ళూ విప్పార్చి నిలబడిన బొమ్మ అది. అది కబుకి అనే ప్రజా నాటకానికి చెందినదని, 1794 నాటిదని ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకున్నాం. దాని మీద నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాలకే ఈసారి శీర్షిక మొత్తాన్ని కేటాయిస్తున్నాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా కుదించాం.

ప్రశ్న: ఆ బొమ్మలో చేతులు ముఖంతో పోలిస్తే మరీ చిన్నవి. భుజాల నుంచి వచ్చినట్టు కాకుండా ఛాతీ మధ్య నుంచి మొలిచినట్టున్నాయి. నా విద్యార్థి ఇలా గీస్తే నేను దిద్దిస్తాను. ఇంత పేరున్న బొమ్మలో ఈ లోపం ఎందుకుంది? ఇంతకూ ఆ మనిషి ఎవరు?
– చిత్రలేఖన ఉపాధ్యాయుడు, నల్లగొండ

జవాబు: కొలతల విషయంలో మీ పరిశీలన సరైనదే. ఆ ముఖానికి ఆ చేతులు సరిపోవు. మోచేతులు బట్టల కింద ఎక్కడున్నాయో ఊహించడం కూడా కష్టం. అయితే ఆ బొమ్మ వేసిన తోషూసాయ్ షరాకు అక్కడ శరీరాన్ని కొలిచి చూపదలచుకోలేదు, రంగస్థలం మీద ఒక్క క్షణం నిలిచిన భంగిమను పట్టుకోదలచుకున్నాడు. కబుకిలో కథ ముదిరిన చోట నటుడు కదలిక ఆపి, తలను ఒక్క విసురుతో తిప్పి, కనుగుడ్లు నిలిపి శిలలా నిలబడతాడు. దానిని మియె అంటారు. ఆ సమయంలో వేదిక అంచున కూర్చున్న మనిషి రెండు కర్రముక్కలతో నేల మీది పలకను టకటక కొడతాడు, ప్రేక్షకులలో అభిమానులు ఆ నటుడి వంశనామాన్ని గట్టిగా అరుస్తారు. ఆ ఊపును కాగితం మీద చూపడానికి షరాకు ముఖాన్ని పెంచి, చేతులను కుదించి, వేళ్ళను మాత్రం విచ్చుకున్నట్టు వదిలాడు. అందుకే చూపు ముందు ముఖం మీద పడి, తరువాత ఆ వేళ్ళ మీదికి జారుతుంది.

బొమ్మలోని పాత్ర పేరు ఎడోబెయి. 1794 అయిదో నెలలో ఎడో నగరంలో, అంటే నేటి టోక్యోలో, కవరజాకి నాటకశాలలో ఆడిన ‘కోయి న్యోబో సొమెవాకె తజునా’ అనే నాటకంలోని పాత్ర అది. సొమ్ము తీసుకుపోతున్న ఇప్పెయి అనే సేవకుణ్ణి దారికాచి దోచుకోవడానికి ఒక దుర్మార్గుడు పురమాయించిన దుండగుడు ఈ ఎడోబెయి. వేషం కట్టిన నటుడు మూడో ఓతాని ఒనీజి, అంటే ఆ పేరు వారసత్వంగా పొందిన మూడోవాడు. ఇప్పెయి వేషం కట్టిన ఇచికవా ఒమెజో బొమ్మను కూడా షరాకు వేశాడు. అందులో అతడు కత్తి పిడిని బిగించి పట్టుకొని ఉంటాడు. రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకడు ఎగబడుతున్నాడు, ఇంకొకడు కాచుకుంటున్నాడు. మేము వేసినది జంటలో ఒకటి మాత్రమే కనుక ఆ చేతులు గాలిలో దేన్నో వెతుకుతున్నట్టు అనిపించడం సహజం.

షరాకు గురించి మరికొంత చెప్పక తప్పదు. అతడి బొమ్మలన్నీ 1794 అయిదో నెల నుంచి 1795 తొలి నెల లోపలే వచ్చాయి. ఆ కొద్ది కాలంలోనే 140కి పైగా బొమ్మలు వేసి, ఆ తరువాత కనిపించకుండా పోయాడు. అతడిని వెలుగులోకి తెచ్చిన ప్రచురణకర్త త్సుతాయా జూజబురో. ప్రభుత్వానికి నచ్చని పుస్తకం ప్రచురించినందుకు 1791లో ఈయన ఆస్తిలో సగం జప్తు అయింది. పోయినదాన్ని రాబట్టుకొనే ప్రయత్నంలో ఉన్న వ్యాపారి పేరులేని చిత్రకారుడి చేత ఒకే విడతలో 28 ముఖచిత్రాలు వేయించి, వాటి వెనుతలానికి ఖరీదైన అభ్రకం పూయించడం పెద్ద సాహసమే. పాత్రను అందంగా చూపడం అప్పటి ఆచారం కాగా షరాకు పాత్ర కింద ఉన్న మనిషిని కూడా చూపాడు. ఆడవేషం కట్టిన సెగవా తొమిసబురో బొమ్మలో మగవాడి దవడ, బిగిసిన చూపు దాచకుండా గీశాడు. ఎంతో కాలం గడవకముందే వచ్చిన చిత్రకారుల చరిత్ర ఒకటి, ఇతడు నిజాన్ని మరీ ఉన్నదున్నట్టు గీయబోయినందువల్ల ఎక్కువ కాలం నిలవలేదని రాసింది. ఇతడు ఆవా సంస్థానాధిపతి కొలువులో ‘నో’ అనే సంప్రదాయ నాటకం ఆడే కళాకారుడు సాయితో జూరోబెయి అని 1844 నాటి రాతలో ఉంది. నేటి పరిశోధకులలో ఎక్కువమంది దానినే అంగీకరిస్తున్నారు. మా అభిప్రాయం అడిగితే, ఆ మొదటి 28 బొమ్మలలో ఉన్న బలం తరువాత వేసిన నిలువెత్తు బొమ్మలలో లేదు.

ప్రశ్న: ఇవి చేత్తో వేసిన బొమ్మలా, అచ్చువేసినవా? అచ్చువేసినవైతే అంత సన్నని జుట్టు గీతలు చెక్క మీద ఎలా వచ్చాయి? ఒక రంగు ఇంకొక రంగు మీదికి ఎందుకు జరగలేదు?
– డిగ్రీ విద్యార్థిని, మిర్యాలగూడ

జవాబు: అచ్చువేసినవే. బొమ్మ మీద ఉండేది ఒక్క చిత్రకారుడి సంతకమే కావచ్చు, కానీ దాని వెనుక ప్రచురణకర్త, చిత్రకారుడు, చెక్కేవాడు, అచ్చువేసేవాడు అని నలుగురు ఉంటారు. పెట్టుబడి ప్రచురణకర్తది, లాభనష్టాలూ అతడివే. చిత్రకారుడు పలుచని కాగితం మీద నల్లసిరాతో గీతలు మాత్రం గీసి ఇస్తాడు. ఆ కాగితాన్ని బోర్లించి కొండచెర్రీ చెక్క పలకకు అంటించి, గీత ఉన్న చోటు మిగిలేటట్టు చుట్టూ చెక్కుతారు. అసలు చిత్రం ఆ పనిలోనే నాశనమవుతుంది. బట్టల మడతలు, వెనుతలం వంటివి శిష్యులు చెక్కితే ముఖం, జుట్టు మాత్రం పెద్ద పనివాడే చెక్కుతాడు. కణత దగ్గర వెంట్రుకలు చర్మంలో కలిసిపోయే చోటును భూతద్దంతో చూడండి. ఒక్కో గీత విడిగా, చివరకు పోయేసరికి సన్నబడుతూ కనిపిస్తుంది. అక్కడ చిత్రకారుడు నాలుగు గీతలు సూచనగా గీస్తే, మిగిలినవన్నీ చెక్కేవాడి చేతి చలువే.

రంగులు జరగకపోవడానికి ఉపాయం చాలా చిన్నది. ప్రతి పలకకూ కింది మూలలో లంబకోణంగా ఒక గంటు, అదే అంచున కొంచెం దూరంలో సూటిగా ఇంకొక గంటు ఉంటాయి. తడిపిన కాగితాన్ని ముందు మూల గంటులో, తరువాత సూటి గంటులో ఆనించి పలక మీద పరుస్తారు. ఒక్కో రంగుకు ఒక్కో పలక ఉన్నా గంటులన్నీ ఒకే చోట ఉంటాయి కనుక కాగితం ప్రతిసారీ అదే స్థానంలో కూర్చుంటుంది. నీటిలో కలిపిన రంగును బియ్యపు గంజితో పాటు కుంచెతో పలక మీద పూసి, కాగితం వీపు మీద వెదురుపొర చుట్టిన గుండ్రటి బిళ్ళతో రుద్దుతారు. యంత్రం ఏదీ లేదు. ఒక దఫా అంటే సాధారణంగా 200 కాగితాలు. గిరాకీ ఉంటే మళ్ళీ వేస్తారు.

మొదటినుంచీ ఇన్ని రంగులు లేవు. తొలి నటుల బొమ్మలు కేవలం నలుపు గీతలు. వాటి మీద నారింజ, గులాబి రంగులు చేత్తో పూసేవారు. 1740ల్లో రెండు మూడు రంగుల అచ్చు మొదలైంది. 1765లో సుజుకి హరునోబు కాలానికి పూర్తి రంగుల అచ్చు వచ్చింది. రంగే లేకుండా ఒత్తిడితో మాత్రమే తెల్లబట్ట మీది నేతను ఉబ్బెత్తుగా తేవడం కూడా వారికి తెలుసు. అది ఫోటోలో కనపడదు, కాగితాన్ని వెలుగుకు ఏటవాలుగా పట్టుకుంటేనే తెలుస్తుంది.

ప్రశ్న: మాది నేత కుటుంబం. ఇలాంటి కొన్ని బొమ్మలు కంప్యూటర్‌లో చూశాను. ఒకడి పెద్ద చేతులచొక్కా మీద ఒకదానిలో ఒకటి మూడు చదరాలున్నాయి. కొన్నింటిలో గళ్ళు, కొన్నింటిలో ఆకుల వంటి డిజైన్లు. ఇవి ఊరికే అలంకారమా, అర్థం ఉందా?
– చేనేత కార్మికుడు, నారాయణపేట

జవాబు: మూడు చదరాలు ఇచికవా దంజూరో వంశపు గుర్తు. ఒకదానిలో ఒకటి అమర్చిన ధాన్యపు కొలపాత్రలను పైనుంచి చూసినట్టు ఉంటుంది అది. మీరు చూసింది ‘షిబరకు’ నాటకంలోని వీరుడి వేషం అయి ఉండాలి. మంచివాళ్ళను చంపబోతున్న సమయంలో ‘ఆగు’ అని అరుస్తూ ప్రేక్షకుల మధ్యగా ఉన్న నడవ మీద నుంచి వచ్చే వీరుడు అతడు. ఆ చొక్కా ముదురు ఇటుక ఛాయలో ఉంటుంది, చేతులు గాలిపటాల్లా నిలబడేందుకు లోపల బద్దలు పెడతారు. ఆ వంశంలో మొదటి దంజూరో 1660లో పుట్టి, 1704లో నాటకశాలలోనే తోటి నటుడి చేతిలో హతుడయ్యాడు. వీరరసాన్ని అతిశయంగా ఆడే పద్ధతి అతడితో మొదలైంది. నటుల పేర్లు తరతరాలుగా వారసత్వంగా వస్తాయి కనుక బొమ్మ మీద పేరు రాయకపోయినా గుర్తు చూసి వంశాన్ని, ముఖం చూసి ఎన్నో తరంవాడో ఆనాటి ప్రజలు చెప్పగలిగేవారు.

ముఖం మీది రంగు చారలకూ అర్థం ఉంది. ఎరుపు చారలు ధైర్యానికి, న్యాయమైన కోపానికి. నీలం చారలు దుష్టుడికి. గోధుమరంగు చారలు దయ్యాలకు, మనిషి కాని జీవులకు. ఆట అయిపోయాక నటుడు తన ముఖం మీద బట్ట ఒత్తి ఆ చారల అచ్చును అభిమానులకు ఇచ్చే అలవాటు కూడా ఉంది.

గళ్ళ సంగతి మీ వృత్తికి దగ్గరది. 1741లో ఎడోలో సనొగవా ఇచిమత్సు అనే నటుడు రెండు రంగుల చదరాలు ఒకటి విడిచి ఒకటి వచ్చే గళ్ళబట్ట కట్టుకొని వేదిక ఎక్కాడు. అతడి బొమ్మలు అమ్ముడుపోయిన కొద్దీ ఆడవాళ్ళు ఆ గళ్ళబట్టే కావాలన్నారు, ఆ డిజైన్‌కు అతడి పేరే స్థిరపడింది. 2020 టోక్యో ఒలింపిక్స్ చిహ్నానికి మూలం ఆ గళ్ళే. ఆడవేషాలు కట్టే రెండో సెగవా కికునొజో కట్టుకున్న ఆకుపచ్చ ఛాయ గోధుమరంగుకూ అతడి కవితానామంతోనే పేరు వచ్చింది. మీరు ఆకు అనుకున్నది జనుము జాతి మొక్క ఆకును ఆరు కోణాల నక్షత్రంగా మార్చిన డిజైన్ కావచ్చు. దాన్ని అయిదో ఇవాయి హన్షిరో పాపులర్ చేశాడు. బట్టల వ్యాపారులు, సౌందర్య సామగ్రి అమ్మేవారు నటులకు డబ్బిచ్చి తమ సరుకు పేరు నాటకంలో చెప్పించుకొనేవారు. కాబట్టి ఏ ఏడాది ఏ బట్ట నడిచిందో తెలుసుకోవడానికి ఈ బొమ్మలు మంచి ఆధారాలు.

ప్రశ్న: మా ఊరి బాగోతం జట్టులో ఆడవేషాలు మగవాళ్ళే కట్టేవారు. నేనూ కట్టాను. కబుకిలోనూ అంతే అని విన్నాను. అక్కడ ఆ పద్ధతి ఎందుకు వచ్చింది? బొమ్మలో ఉన్నది ఆడదా, ఆడవేషమా అని ఎలా తెలుస్తుంది?
– విశ్రాంత కళాకారుడు, అచ్చంపేట

జవాబు: మీకు ఆశ్చర్యం కలగవచ్చు, కబుకిని మొదలుపెట్టింది ఒక స్త్రీ. ఇజుమో పుణ్యక్షేత్రానికి చెందినదని చెప్పుకున్న ఒకుని అనే నర్తకి 1603లో క్యోటోలోని కామో నది ఒడ్డున, నీళ్ళు లేని ఇసుకలో, మగవేషం వేసి ఆడింది. ఆమెను చూసి ఆడవాళ్ళ జట్లు చాలా పుట్టాయి. వాటిని ఆసరా చేసుకొని వ్యభిచారం, కొట్లాటలు పెరుగుతున్నాయని 1629లో ప్రభుత్వం ఆడవాళ్ళు వేదిక ఎక్కరాదని శాసించింది. వాళ్ళ స్థానంలోకి కుర్రవాళ్ళు వచ్చారు. వాళ్ళ విషయంలోనూ అవే గొడవలు వచ్చి 1652లో వాళ్ళనూ నిషేధించారు. చివరకు పెద్ద మగవాళ్ళు, అదీ నుదుటి పై జుట్టు గొరిగించుకొని, అందచందాల మీద కాక నటన మీద ఆధారపడి ఆడవలసి వచ్చింది. మన దగ్గర ఆడవేషం మగవాడు కట్టడం జట్టు కట్టుబాటు. చిందు మేళాలలో ఆడవాళ్ళే వేషాలు కట్టడమూ ఉంది. జపాన్‌లో మాత్రం అది సర్కారు హుకుం వల్ల మొదలై, కళగా ముదిరింది.

ఆడవేషం కట్టేవారిలో యొషిజావా ఆయమె (1673–1729) పేరెన్నిక గన్నవాడు. వేదిక దిగాక కూడా ఆడదానిలాగే మెలగకపోతే వేషం నిలవదని అతడి బోధ. తోటి నటులతో కలిసి అన్నం తినేటప్పుడు కూడా మగవాడిలా ఆబగా తినకూడదట. మీరు అంగీకరించినా అంగీకరించకపోయినా, తరువాత తరాలవారు అతడి మాటలను పాఠాలుగా చదివారు.

బొమ్మలో గుర్తుపట్టడం సులభం. ఆడపాత్ర నుదుటి పైన, జుట్టు మొదలయ్యే చోట, చిన్న ఊదారంగు బట్టముక్క కనిపిస్తే అది ఆడవేషం. గొరిగిన నుదురును కప్పుకోవడానికి ఆ నటులు దాన్ని వాడారు. చిత్రకారులు దాన్ని దాచకుండా గీశారు, ఎందుకంటే కొనేవాడికి కావలసింది పాత్ర ఒక్కటే కాదు, ఆ పాత్రను కట్టిన ఫలానా నటుడు కూడా.

ప్రశ్న: ప్రభుత్వం నటుల బొమ్మలను నిషేధించిందని ఎక్కడో చదివాను. బొమ్మకు భయపడవలసిన అవసరం ఏముంది? నిషేధం నిలిచిందా?
– న్యాయవాది, సూర్యాపేట

జవాబు: భయం బొమ్మకు కాదు, దుబారాకు, హోదా తారుమారు కావడానికి. నటులు సమాజంలో అట్టడుగు మెట్టున ఉండవలసినవారని పాలకుల లెక్క. అటువంటివాడు సమురాయిల కంటే విలాసంగా బతకడం, వాడి బొమ్మ ప్రతి ఇంట్లో ఉండడం వారికి గిట్టలేదు. 1714లో, దేశాన్ని ఏలే షోగున్ అంతఃపురంలో ఉద్యోగిని అయిన ఎజిమా అనే ఆమె, ఇకుషిమా అనే నటుడితో సాంగత్యం చేసిందని తేలినప్పుడు యమమురా నాటకశాలనే మూయించారు, ఆ ఇద్దరినీ దూరంగా ప్రవాసం పంపారు. ఎడోలో అప్పటిదాకా నాలుగుగా ఉన్న అనుమతి పొందిన పెద్ద శాలలు నకమురా, ఇచిమురా, మొరితా అనే మూడుకు తగ్గాయి.

మీరు చదివినది మిజునో తదకుని అనే మంత్రి 1841లో మొదలుపెట్టిన సంస్కరణల గురించి. మరుసటి ఏడాది నాటకశాలలను నగరం నడిబొడ్డు నుంచి అసకుసా శివార్లకు తరలించారు. ఏడో దంజూరోను విలాసం పేరుతో నగరం నుంచి బహిష్కరించారు. నాటకంలో నిజమైన కవచం వాడాడన్నది అభియోగాలలో ఒకటి. అదే ఏడాది నటుల బొమ్మలు, వేశ్యల బొమ్మలు అచ్చువేయరాదని ఉత్తర్వు వచ్చింది. మామూలు బొమ్మలకు కూడా ఇన్ని పలకలకు మించి వాడరాదని హద్దు పెట్టారు. ప్రతి బొమ్మ మీద పరిశీలకుడి ముద్ర తప్పనిసరి కావడం 1790ల నుంచే ఉంది. ఇప్పుడు ఆ పరిశీలన బిగిసింది.

ప్రచురణకర్తలు దీన్ని దాటిన తీరు న్యాయవాదులకు నచ్చుతుంది. ఉత్తర్వు నటుడి బొమ్మను నిషేధించింది కానీ నటుడి ముక్కును కాదు. ఉతగవా కునియోషి ఒక గోదాము గోడను గీసి, దాని మీద పిల్లలు మేకుతో పిచ్చిగీతలు గీసినట్టు ముఖాలు వేశాడు. మధ్యలో రెండు తోకల పిల్లి ఒకటి నెత్తిన తువ్వాలు వేసుకొని ఆడుతూ ఉంటుంది. పేరు లేదు, వేషం లేదు, గీత కూడా వంకర టింకర. అయినా నాటకాలు చూసేవాడికి ఏ గీత ఏ నటుడో ఇట్టే తెలుస్తుంది. తాబేళ్ళకు నటుల ముఖాలు పెట్టిన బొమ్మా అతడు వేశాడు. ఉతగవా కునిసడా (1786–1865) ఇంకొక దారి తొక్కాడు: 1852లో, ఎడో నుంచి క్యోటోకు పోయే తొకైదో రహదారి మజిలీల పేరుతో ఒక పెద్ద శ్రేణి వేసి, ప్రతి మజిలీ ముందు ఒక పాత్రను నిలబెట్టాడు. ఎక్కడా నటుడి పేరు రాయలేదు, ముఖాలు మాత్రం అందరికీ తెలిసినవే. ఆ శ్రేణి విపరీతంగా అమ్ముడుపోయింది. తదకుని మాత్రం 1843లోనే పదవి పోగొట్టుకున్నాడు.

ప్రశ్న: చరిత్ర విద్యార్థిగా అడుగుతున్నాను. ఈ బొమ్మలను ఆనాటి ప్రదర్శనకు సాక్ష్యంగా తీసుకోవచ్చా?
– పరిశోధక విద్యార్థి, వనపర్తి

జవాబు: జాగ్రత్తగా తీసుకోవచ్చు. మొదటి చిక్కు ఏమిటంటే, చాలా బొమ్మలు ఆట మొదలుకాకముందే తయారయ్యేవి. ఆట మీద మోజు ఉన్నన్నాళ్ళే బొమ్మకు గిరాకీ కనుక ప్రకటించిన తారాగణాన్ని బట్టి ముందే గీయించేవారు. ఆ తరువాత నటుడు మారితే, పలకలో తల ఉన్న భాగాన్ని తొలిచి కొత్త చెక్కముక్క బిగించి ఇంకొక తల చెక్కిన సందర్భాలున్నాయి. రెండో చిక్కు ఊహాచిత్రాలు: ఫలానా పాత్రను ఫలానా నటుడు కడితే ఎలా ఉంటుందో అని, ఎన్నడూ జరగని ఆటలను కూడా గీశారు, కునిసడా వేసిన వాటిలో ఇవి చాలా ఉన్నాయి. అందువల్ల పండితులు బొమ్మలోని గుర్తు, ముఖం, వేషం మూడింటినీ నాటకశాలలు ఆనాడు అచ్చువేసిన కార్యక్రమ పత్రాలతో పోల్చి చూస్తారు. షరాకు బొమ్మలకు నెలతో సహా తేదీలు తేలింది ఆ పద్ధతిలోనే.

నాటకశాల భవనం విషయంలో మాత్రం బొమ్మలు అమూల్యమైన ఆధారాలు. ఒకుమురా మసనోబు 1740ల్లో పాశ్చాత్య పద్ధతి దూరదృశ్యం ఉపయోగించి వేసిన శాల లోపలి చిత్రాలలో ప్రేక్షకుల నడుమ నుంచి వేదిక మీదికి పోయే నడవ, ఇరువైపులా మేడ మీది గదులు, కింద చాపల మీద కూర్చొని తింటూ తాగుతూ మాట్లాడుకొనే జనం కనిపిస్తారు. ఆట పొద్దున మొదలై సాయంత్రం దాకా నడిచేది, అందరూ అంతసేపూ వేదికనే చూస్తూ కూర్చోలేదు. తిరిగే వేదికను 1758లో ఒసాకాలో నమికి షోజో అనే నాటకకర్త ప్రవేశపెట్టాడు.

ప్రశ్న: లేత నీలం బట్టలు కట్టుకొని, చేతిలో జపమాలతో ఉన్న యువ నటుడి బొమ్మ ఒకటి చూశాను. అది ఏ నాటకంలోది?
– గృహిణి, గద్వాల

జవాబు: నాటకంలోది కాకపోవచ్చు. పేరున్న నటుడు చనిపోతే ప్రచురణకర్తలు వెంటనే స్మారక బొమ్మలు వేసేవారు. వాటిలో లేత నీలం దుస్తులు, జపమాల ఉంటాయి, పక్కన చనిపోయిన తేదీ, బౌద్ధ సంప్రదాయంలో మరణానంతరం ఇచ్చే పేరు, సమాధి ఉన్న ఆలయం పేరు రాస్తారు. యువకుడంటున్నారు కనుక అది ఎనిమిదో దంజూరో బొమ్మ అయ్యే అవకాశం ఉంది. అందగాడుగా ఎడో స్త్రీల ఆరాధన పొందిన ఇతడు 1854లో, ముప్పై రెండేళ్ళైనా నిండకుండా, ఒసాకాలో ఆత్మహత్య చేసుకున్నాడు. అతడి మీద వందలకొద్దీ స్మారక బొమ్మలు వచ్చాయి. కొన్నింటిలో స్త్రీలు గుంపుగా చేరి ఏడుస్తూ ఉంటారు, మరికొన్ని మరీ వెటకారంగా ఉంటాయి. శోకాన్ని కూడా సరుకు చేశారని మీకు అనిపిస్తే మేము కాదనలేం.

ప్రశ్న: ఇవి అసలువి ఎక్కడ చూడవచ్చు? కొనాలంటే ఎలా? నకలును ఎలా కనిపెట్టాలి?
– వ్యాపారి, దేవరకొండ

జవాబు: అచ్చయిన రోజుల్లో ఒక బొమ్మ ధర దాదాపు ఒక గిన్నె నూడుల్స్ ధర. ఇప్పుడు షరాకు తొలి ముద్రణలు సామాన్యులకు అందవు. కునిసడా బొమ్మలు లెక్కకు మించి అచ్చయ్యాయి కనుక అవి మాత్రం ఇప్పటికీ తక్కువ ధరకు దొరుకుతున్నాయి. చూడడానికైతే ఖర్చు లేదు: టోక్యోలోని వసెడా విశ్వవిద్యాలయ నాటక మ్యూజియం 1928 నుంచి సేకరించిన వేలాది నటుల బొమ్మలను ఇంటర్నెట్‌లో ఉంచింది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం, షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ పెద్ద ఫైళ్ళనే ఉచితంగా దింపుకోనిస్తున్నాయి. మేము వేసిన ఎడోబెయి కూడా వాటిలో ఉన్నాడు.

కొనేటప్పుడు ముందు భూతద్దం తీసుకోండి. రంగు చుక్కలు చుక్కలుగా కనిపిస్తే అది ఆఫ్‌సెట్ ముద్రణ, గోడకు పెట్టుకోవడానికి తప్ప పనికిరాదు. తరువాత కాగితాన్ని తిప్పి వీపు చూడండి. చేత్తో రుద్ది అచ్చువేసిన దానిలో రంగు కాగితంలోకి ఇంకి వెనుక వైపు కనిపిస్తుంది, గుండ్రటి బిళ్ళ తిరిగిన జాడ కూడా ఉంటుంది. అయితే ఆ రెండూ ఉన్నంత మాత్రాన పాతదని నమ్మకండి. పాత బొమ్మలను చూసి కొత్త పలకలు చెక్కి, పాత పద్ధతిలోనే అచ్చువేసేవారు టోక్యోలో నేటికీ ఉన్నారు. వారు దాన్ని కొత్తదనే చెప్పి అమ్ముతారు, మధ్య దళారులు చెప్పకపోవచ్చు. మా సలహా ఏమిటంటే, మొదటిసారి కొనేవారు అటువంటి కొత్త ముద్రణనే, కొత్తదని తెలిసి కొనడం మంచిది. పాతదే కావాలనుకుంటే, ఊదా, నీలం రంగులు మరీ నిగనిగలాడుతుంటే అనుమానించండి. 1830కి ముందటి బొమ్మలలో నీలానికి ఎక్కువగా ఒక పువ్వు రసాన్ని, ఎరుపుకు కుసుమ పువ్వును వాడేవారు. ఆ రెండూ వెలుగుకు వెలిసిపోతాయి, రెండింటినీ కలిపిన ఊదా గోధుమరంగుకు తిరుగుతుంది. ఆ తరువాత యూరప్ నుంచి వచ్చిన ప్రష్యన్ నీలం మాత్రం నిలుస్తుంది. దేవరకొండ ఎండ తగిలే గోడకు మాత్రం ఏ బొమ్మనూ వేలాడదీయకండి. ఆమ్లం లేని కాగితాల మధ్య బల్లపరుపుగా పెట్టి, చూడాలనుకున్నప్పుడు తీసి చూసుకోండి.